తడ శంఖాలు

ఆడవాళ్ళు సాధారణంగా మొగుడి పక్కన ఇంకో ఆడది కనిపిస్తే కుళ్ళుకుంటారు. నేను ఎనభై నాలుగులో ఎండాకాలమంతా నేరుగా మొగుణ్ణి చూసే కుళ్ళుకున్నాను. కడుపుమంట అని జనం ఊరికే అనరు, నిజంగానే కడుపులో మండేది. ఆయన ఇది చదువుతాడు. చదవనీ.

మేమిద్దరం తిరుపతి యూనివర్సిటీలో జువాలజీ రీసెర్చ్ స్కాలర్లం. గోవిందస్వామి సార్ దగ్గర, ఒకే గదిలో, ఎదురెదురు బల్లల మీద పని. ఆయన పేరు రాజారత్నం. పెళ్ళికి ముందు ఆయన బల్ల మీది సీసా కావాలంటే అడిగి తీసుకునేదాన్ని, పెళ్ళయ్యాక అడక్కుండా తీసుకునేదాన్ని. ఇద్దరివీ నేత కుటుంబాలే కాబట్టి నగరిలో మగ్గాలు నడిపే మా నాయన, తిరుపతి కొర్లగుంటలో ఉండే వాళ్ళమ్మ వరదమ్మ మాట్లాడుకుని ముడిపెట్టేశారు. ప్రేమ అని డిపార్ట్‌మెంట్‌లో అనుకున్నారు. అనుకోనిచ్చాం.

మా పని సముద్రపు శంఖం మీద. గుళ్ళో ఊదే శంఖమే. అది ఒక నత్త కట్టుకున్న ఇల్లని తిరుపతిలో చాలామందికి తెలియదు. చెబితే నమ్మరు, నమ్మితే కోప్పడతారు. దక్షిణాన తూత్తుకుడి వైపు మనుషులు నీళ్ళలో మునిగి వాటిని ఏరుకొస్తారు. మన తడ వైపు పీతల కోసం వేసిన వలల్లో పడతాయి. తూత్తుకుడివి సన్నగా పొడుగ్గా, తడవి పొట్టిగా లావుగా ఉంటాయని పుస్తకాల్లో రాసి ఉంది. ఆకారం వేరైనంత మాత్రాన అవి వేర్వేరు మందలా, లేక ఒకే మంద రెండు చోట్ల రెండు రకాలుగా పెరిగిందా? ఇదీ ప్రశ్న. ఒకే మందయితే ఒక చోట ఏరేసినా ఇంకో చోటి రక్తం వచ్చి కలుస్తుంది. వేరయితే ఏరేసిన చోటు ఖాళీ అయినట్టే.

మార్చిలో సార్ మమ్మల్నిద్దర్నీ గదిలోకి పిలిచాడు.

"చూడండి. రెండు తీరాల్లో రెండు మందలని తేలిందా, రెండు థీసిస్‌లు. తలా ఒకటి రాసుకోండి. ఒకే మంద అని తేలిందనుకోండి, దాన్ని నరికి ఇద్దరికీ పంచడం నా వల్ల కాదు. ఒకటే థీసిస్."

"అప్పుడు రెండోవాళ్ళ సంగతి ఏమిటి సార్?" అని అడిగాను.

"పీతల మీదో రొయ్యల మీదో మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాలి." ఆయన నవ్వాడు. "అయినా ఒకే ఇంట్లో ఒక డాక్టరు చాలడా అమ్మా?"

ఆ ఒక డాక్టరు ఎవరో ఆయన చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. డిసెంబరుతో నా ఫెలోషిప్ అయిపోతుంది. పెళ్ళైన ఆడది మళ్ళీ మొదట్నుంచి మొదలుపెడుతుందంటే వినేవాళ్ళు తలూపి, తర్వాత పిల్లల సంగతి అడుగుతారు. కాబట్టి ఆ నత్తలు రెండు మందలై ఉండాలని నేను కనిపించిన దేవుడికల్లా మొక్కుకున్నాను.

తీరాలు కూడా సారే పంచాడు. దక్షిణం రాజారత్నానికి, తడ నాకు. నేను పొద్దుగూకేలోపు ఇల్లు చేరాలి కదా అన్నాడు. రాజారత్నం నా వైపు చూసి అయ్యో అన్నట్టు ముఖం పెట్టాడు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే దాని వెనక సంతోషం ఉంది.

నేను మొదటి బస్సుకు తడ పోయి, చీకటి పడేలోపు వచ్చేదాన్ని. కాళ్ళ మధ్య ఐసు పెట్టె, ఒళ్ళో టిఫిను డబ్బా. అక్కడ కుప్పుస్వామి అని పీతల వల వేసే పెద్దాయన ఉండేవాడు. సగం అరవం, సగం తెలుగు, శంఖాన్ని సంగు అనేవాడు, ఎప్పుడూ వెటకారం.

"ఇన్ని సంగులు ఏం జేసుకుంటావు మ్మా? పూజకు ఒగటి సాలదా?"

"కోసి లోపల మాంసం తీస్తా."

"తినేదానికా?"

"కాదు. దాని రసం పిండి కరెంటు పెట్టి సూస్తాం."

"నత్తకు కరెంటు పెట్టేదానికి సదువుకుంటివా?" అని పడీపడీ నవ్వి, పక్క పడవవాళ్ళను కూడా పిలిచి చెప్పాడు. అయినా బతికున్న వాటినే ఏరి ఇచ్చేవాడు. తిరుగు ప్రయాణంలో నాయుడుపేట దగ్గర బస్సు ఆగినప్పుడల్లా ఐసు నీళ్ళు కారి పక్కవాళ్ళ మూటలు తడిసేవి, నన్ను తిట్టేవాళ్ళు. నేను తిట్లు తింటున్న ఆ వేళకి రాజారత్నం తూత్తుకుడిలో పడవ మీద కూచుని సముద్రం గాలి పీలుస్తుంటాడనుకుని పళ్ళు కొరుక్కునేదాన్ని.

ఏప్రిల్లో ఆయన తిరిగొచ్చాడు. ఒళ్ళు నల్లబడి, ముక్కు మీద తోలు లేచిపోయి, మనిషి ఇంకా బాగున్నాడు. అత్త ఎదురుపోయి దిష్టి తీసింది. నేను తడ నుంచి వచ్చినప్పుడు మాత్రం, బావి దగ్గర కాళ్ళు కడుక్కుని లోపలికి రా, నీసు వాసన అనేది.

"సముద్రం మీదికి పొయినావా నాయనా? బయమెయ్యలేదా?"

"బయమేందిమా. మునిగేవాళ్ళు ఒక దమ్ము పట్టి పొయ్యి, రెండు చేతుల నిండా సంగులు పట్టుకోని లేస్తారు. సూడాల్సిందే."

ఆ రోజు అన్నం తినేటప్పుడు కూడా అదే కథ. నేను ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగితే ఆయనకి ఇంకా చెప్పే అవకాశం దొరుకుతుంది. ఆయన తెచ్చిన శంఖాలను ఆదివారం ల్యాబులో ఒక్కడే కోసి, మాంసం ఫ్రీజర్‌లో పెట్టి, చిప్పలకు నల్ల ఇంకుతో అంకెలు వేసి, గోనెలో కట్టి ఇంటికి తెచ్చి పెరట్లో పెట్టాడు. నా చిప్పల గోనె పక్కనే. ల్యాబులో వాసనొస్తోందని సార్ గొడవ చేస్తే అక్కడ పెట్టుకోవడానికి చోటు లేకపోయింది. నేను ఆ గోనె మూతి కూడా విప్పి చూడలేదు. చూస్తే, ఎంత బాగున్నాయి అనాల్సి వస్తుందని.

తర్వాత జెల్ పని. ఆ రోజుల్లో మా పద్ధతి ఇది. బంగాళాదుంప గంజిపొడిని చిక్కగా కాచి, పలకలాగా పోసి, అది గడ్డకట్టాక దాంట్లో వరసగా గాట్లు పెట్టి, ఒక్కో గాట్లో ఒక్కో నత్త రసం పెట్టి కరెంటు పారిస్తాం. రసంలోని ప్రోటీన్లు ఆ గంజిలో మెల్లగా నడుస్తాయి. రంగు పోస్తే గీతలు తేలతాయి. కొన్ని నత్తల గీత ముందుకుంటుంది, కొన్నిటిది వెనక్కుంటుంది, కొన్నిటికి రెండూ ఉంటాయి. రెండు తీరాల్లో వీటి పాళ్ళు ఒకటే అయితే మంద ఒకటే.

ఆ గంజి కాచడం డిపార్ట్‌మెంట్‌లో ఇంకెవరికీ కుదిరేది కాదు. ఉండలు కట్టేది, లేదా అడుగంటేది. నేను పుట్టింది నగరి వీధుల్లో. పడుగు సాగదీసి గంజి పెట్టే ఇంట్లో పెరిగినదాన్ని. చిక్కబడి, మళ్ళీ వదులై, అద్దంలా తేటపడే క్షణం నా మణికట్టుకు తెలుసు. కాబట్టి నా జెల్ నేనే కాచుకున్నాను, ఆయన జెల్ కూడా నేనే కాచాను. ఆయన పక్కన నిలబడి విసనకర్రతో నాకు విసిరేవాడు. చూసినవాళ్ళు ముచ్చటపడేవాళ్ళు. నాకు మాత్రం నేను కాచిన జెల్ మీద ఆయన గీతలు నా గీతలకంటే చక్కగా తేలుతున్నాయని మంటగా ఉండేది. కరెంటు కోతల వేళలు కూడా ఆయనకే కలిసొచ్చేవి. నా జెల్ సగం నడిచాక కరెంటు పోయేది, ఆయనది పూర్తయ్యాక పోయేది.

అన్నీ అయ్యాక సార్ వచ్చి పలకలు వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"ఒకే మంద," అన్నాడు. "తేడా వీసమెత్తు లేదు. ఇంత దూరం ఉండి ఇంత ఒకేలాగానా! నేను అనుకోలేదు." ఆయనకు ఆనందం పట్టలేదు. రాజారత్నం భుజం తట్టి, "ఇక రాయడం మొదలుపెట్టు" అన్నాడు.

ఆ మాట విని నేను కిటికీలోంచి బయటికి చూశాను. పక్కన రాజారత్నం ఖాళీ సీసాలు సర్దడం మొదలుపెట్టాడు. ఆయనకి సంతోషంగా లేదని నాకు అప్పుడే అనిపించాల్సింది. కానీ నా మంట నాది. మూడేళ్ళు ఎదురెదురు బల్లల మీద కూచుని, ఆయన గంజి కూడా నేనే కాచి, చివరికి నేను వెళ్ళి పీతలు పట్టుకోవాలి. ఆ వారం ఇంట్లో అన్నానికి ఉప్పు ఎక్కువేశాను, కావాలనే. ఆయన మారు మాట్లాడకుండా తిన్నాడు. దాంతో ఇంకా మండింది.

తర్వాత శనివారం జరిగింది అసలు కథ. నేను స్నానం చేసి పెరట్లోకి వచ్చేసరికి అత్త రెండు గోనెలూ కుమ్మరించుకుని కూచుంది. చింతపండు, పసుపు, పెద్ద బానలో నీళ్ళు. శంఖాలన్నీ తళతళ మెరుస్తున్నాయి. ఒక పలక మీద వరసగా పేర్చి ఒక్కోదానికి బొట్టు పెడుతోంది.

"అత్తా! ఏం చేస్తాండావు?"

"స్వామి సేతిలో ఉండే శంఖం పంకజా ఇది. ఎవురో పాపిష్టోళ్ళు వీటి మింద మసి గీతలు గీకినారు. నెత్తురు మరకలు. గోనెలో ఏసి నేల మింద పడేసినారు. ఇంటికి అరిష్టం గదా? రెండు దినాలుగా నిద్ర రాలా."

"ఆ పాపిష్టోళ్ళు మేమే అత్తా!"

చిప్ప మీది అంకె, ఫ్రీజర్‌లో మాంసం సంచి మీది అంకె ఒకటైతేనే ఏ గీత ఏ శంఖానిదో తెలుస్తుంది. అంకెలన్నీ చింతపండు రసంలో కలిసి తూముగుండా పోయాయి. పైగా రెండు గోనెలూ కలిపేసింది. నేను నెత్తి కొట్టుకున్నాను, ఏడ్చాను. అత్త బిక్కచచ్చిపోయి, బొట్టు వేలు అట్లాగే గాల్లో పెట్టుకుని కూచుంది.

కాస్త తెప్పరిల్లాక, పోనీ తడవీ తూత్తుకుడివీ అయినా వేరు చేద్దామని కూచున్నాను. అది సులువు. పొట్టివి నావి, పొడుగువి ఆయనవి. ఒకటి తీశాను, పొట్టిది. ఇటు పెట్టాను. ఇంకోటి తీశాను, పొట్టిది. ఇటే పెట్టాను. పలక సగం అయింది, పలకంతా అయింది. కుడివైపు కుప్ప పెరిగింది, ఎడమవైపు నేల ఖాళీగా ఉంది.

చేతులు కడుక్కుని లేచాను. అత్త, "సరిపొయినాయా?" అని ఆశగా అడిగింది.

"అన్నీ సరిగ్గా ఉండాయి అత్తా," అన్నాను.

మధ్యాహ్నం అత్త కునుకు తీస్తుంటే ఆయన్ని పెరట్లోకి పిలిచాను. నలుగురిలో మీరు అనేదాన్ని, కోపం వస్తే నువ్వు అనేదాన్ని.

"తూత్తుకుడి సంగులు యాడ?" అని అడిగాను.

ఆయన కుప్ప వైపు చూశాడు. ఖాళీ నేల వైపు చూశాడు. బావి గట్టు మీద కూచున్నాడు.

"ఐసు కరిగిపొయింది," అన్నాడు. "రైల్లో నిద్రపొయినా. మద్రాసులో దిగేసరికి పెట్టె మూత తీసేదానికి లేదు, అంత కంపు. ఆణ్ణే పారేసినా."

"తర్వాత?"

"తడకు బస్సెక్కినా."

"యెవుర్ని అడిగినావు ఆడ?"

"కుప్పుస్వామిని. నీ పేరు చెప్తే మంచివి ఏరి ఇచ్చినాడు."

అంత పెద్ద విషయం మధ్యలో కూడా నాకు ముందుగా గుచ్చుకున్నది అదే. నాకు ఇచ్చినవాటికంటే మంచివి ఇచ్చాడన్నమాట ఆ ముసలాయన. అందుకే రాజారత్నం గీతలు అంత చక్కగా తేలాయి.

తడ నత్తల్ని తడ నత్తలతో పోల్చి, రెండూ ఒకటేనని మేం కనిపెట్టాం. సార్ భుజం తట్టాడు.

"సార్‌కు ఐసు కరిగిపొయిందని చెప్పుంటే ఏమయ్యేది? మళ్ళీ పొమ్మనేవాడు, అంతేగదా!"

"మళ్ళీ పంపేదానికి దుడ్డు లేదనేవాడు. రెండు తీరాలూ నీకే ఇచ్చేసేవాడు." ఆయన తల ఎత్తలేదు. "నువ్వు గంజి కాచేది సూస్తాంటే నాకు ఎట్లుంటాదో నీకు తెలీదు. డిపార్ట్‌మెంట్‌లో అందురూ నీ చెయ్యే చెయ్యి అంటారు. నీ ముందర వట్టి పెట్టె తీసుకోని ఎట్ల వచ్చేది?"

ఆయనకి నా మీద కుళ్ళని అప్పటిదాకా నాకు తోచలేదు. పెళ్ళయినప్పటి నుంచీ ఆ హక్కు నాదొక్కదానిదే అనుకున్నాను. పైన కాకి అరుస్తోంది.

"ఇంగోసారి పోవాల," అన్నాను. "ఈసారి నేనూ వస్తా."

సార్ దగ్గర ఏం చెప్పాలా అని ఆలోచించాల్సిన పని రాలేదు. అత్త అంకెలు కడిగేసిందని చెప్పాం. అది నిజమే కదా. సార్ పొట్ట పట్టుకుని నవ్వి, శంఖాలకు అభిషేకం చేసిందా మీ అమ్మ అని, అంకెలు లేని లెక్క పనికిరాదు, మళ్ళీ చేయండని యాడనో తిప్పలుపడి ఖర్చులకు ఏర్పాటు చేశాడు. తప్పు చేసింది కొడుకు, మాట పడింది తల్లి. ఇక్కడ కూడా ఆయన మీద ఈగ వాలలేదు.

కోడలు సముద్రానికి పోతుందంటే అత్త ఒప్పుకునేది కాదు. కానీ చేసిన పనికి నోరెత్తలేక, పులిహోర కట్టి పంపింది.

తూత్తుకుడిలో ఆ పొద్దుటి సంగతి ఎట్లా చెప్పను! ఆడది పడవ ఎక్కకూడదని ముందు గొణిగారు, తర్వాత ఎక్కించుకున్నారు. మునిగేవాళ్ళు నడుముకు సంచి కట్టుకుని, గుండెల నిండా గాలి పీల్చుకుని దిగేవాళ్ళు. నేను కూడా వాళ్ళతో పాటు ఊపిరి బిగపట్టి చూశాను, వాళ్ళకంటే చాలా ముందే వదిలేశాను. ఆయన పడవ అంచు పట్టుకుని వాంతి చేసుకుంటున్నాడు. ఇంట్లో చెప్పిన కథల్లో ఆ ముక్క లేదు. ఒడ్డున సర్కారువాళ్ళ దగ్గర చెక్కకు ఒక వలయం ఉంది. శంఖాన్ని దాంట్లోంచి వదులుతారు. దూరి కింద పడితే అది ఇంకా చిన్నది, తిరిగి సముద్రంలో వేసేస్తారు. దూరకపోతే చావే. ఆగినవాటిలోంచి నేను ఏరుకున్నాను. సన్నగా, పొడుగ్గా, చేతిలో పడితే ఇంకో జీవిలా ఉన్నాయి. ఇంత అందమైన చోటికి నాకంటే ముందు వచ్చి, ఐసు కూడా చూసుకోలేకపోయాడు కదా ఈ మనిషి అని మళ్ళీ ఒళ్ళు మండింది.

వచ్చేటప్పుడు పెట్టె నా కాళ్ళ దగ్గరే పెట్టుకున్నాను. ఐసు మీద వరిపొట్టు, పొట్టు మీద తడి గోనె. పెద్ద స్టేషను వచ్చినప్పుడల్లా ఐసు కోసం ఆయన్ని పరిగెత్తించాను. నేను కన్ను మూయలేదు, ఆయన్ని మూయనివ్వలేదు.

జూన్ అంతా జెల్లే. ఈసారి ఒకే పలక మీద ఒక గాట్లో తడది, పక్క గాట్లో తూత్తుకుడిది పెట్టాను. పొట్టిది, పొడుగుది, పొట్టిది, పొడుగుది. కంటికి ఇంత తేడాగా ఉన్నవి గీతల్లో ఒకటెలా అవుతాయి అని నాకు ధైర్యం. రెండు మందలు, రెండు థీసిస్‌లు. రంగు పోసి ఇద్దరం పక్కపక్కనే నిలబడి చూసేవాళ్ళం. గీతలు మెల్లగా, ఒకటి తర్వాత ఒకటి తేలేవి. ముందు గీతలవి ఎన్నో, వెనక గీతలవి ఎన్నో లెక్కపెట్టేవాళ్ళం. ఒక పలక, ఇంకో పలక. ఒక ప్రోటీన్, ఇంకో ప్రోటీన్. ఏది చూసినా పాళ్ళు ఒకటే.

ఆఖరి పలక ఆయనే వెలుతురుకు పెట్టి చూశాడు. నా వైపు తిరిగి, "ఒగటే పంకజా," అన్నాడు.

ఆయన చెప్పిన అబద్ధం నిజమైంది. నేను తెచ్చిన నిజం నన్నే ముంచింది. ఈ కాలంవాళ్ళు డీఎన్‌ఏ చదివి ఇంకేమైనా చెబుతారేమో, మా గంజి మాకు చూపించింది మాత్రం అదే. ఆ సాయంత్రం బల్లలు నేనొక్కదాన్నే కడిగాను. ఆయన సాయం చేయబోతే చెయ్యి తోసేశాను.

మర్నాడు సార్ గదిలో ఇద్దరం నిలబడ్డాం. బయట ఆ ఏటి మొదటి వాన. సార్ హుషారుగా ఉన్నాడు.

"మొదట వచ్చిందే మళ్ళీ వచ్చింది. ఇక అనుమానం లేదు. సరే రాజారత్నం, టైటిల్ రిజిస్టర్ చేద్దాం."

"పంకజాక్షి పేరు మీద చెయ్యండి సార్," అన్నాడాయన.

సార్ కళ్ళజోడు తీశాడు. "బాగా ఆలోచించుకున్నావా?"

"రెండు తీరాల సంగులూ తెచ్చింది ఆమె. గంజి కాచింది ఆమె. దీంట్లో నాదంటూ ఏమీ లేదు సార్."

అక్షరాలా నిజం చెప్పాడు. సార్ దాన్ని వినయం అనుకున్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరగడం నేను చూశాను. లేచి వచ్చి రాజారత్నాన్ని కౌగిలించుకున్నాడు. "ఇట్లాంటి మనిషి నా దగ్గర చదివాడని చెప్పుకుంటానయ్యా," అన్నాడు. నా వైపు తిరిగి, "అదృష్టవంతురాలివమ్మా," అన్నాడు.

నేను అక్కడే, ఆ గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాను. నాకు రావాల్సింది నాకు వచ్చింది. తడ నుంచి తూత్తుకుడి దాకా ఐసు మోసి, గంజి కాచి, గీతలు లెక్కపెట్టి సంపాదించుకున్నది, ఒక్క మాటలో ఆయన దానంగా మారిపోయింది.

ఆ సంగతి యూనివర్సిటీ అంతా పాకింది, కొర్లగుంటకూ పాకింది. ఆయన రీసెర్చ్ మానేసి నాయుడుపేటలో జూనియర్ కాలేజీ లెక్చరరుగా చేరాడు. రోజూ పొద్దున్నే బస్సు. నేను ల్యాబు. అత్త మొదట రెండు రోజులు గోడకు తిరిగి పడుకుంది. మూడో రోజు నుంచి కొళాయి దగ్గర అదే మాట.

"పెండ్లాం కోసం సదువునే వొదులుకున్యాడు నా కొడుకు. ఏ తల్లి కంటాది అట్లాంటోణ్ణి?"

కొళాయి దగ్గర ఆడవాళ్ళంతా నా బిందెకు దారి ఇచ్చేవాళ్ళు. నా మొగుడి గౌరవానికి.

నగరి నుంచి మా నాయన మునిరత్నం వచ్చాడు. సంచిలోంచి పట్టు అంచు పంచె తీశాడు. తన మగ్గం మీదే నేసింది, అంచు ఎంత పనితనంతో వేశాడో చూడగానే తెలిసింది. తీసి అల్లుడి చేతిలో పెట్టాడు.

"నీ మాదిరి మనిసి ఈ జిల్లాలోనే లేడప్పా," అన్నాడు.

"నాకేం తెచ్చినావు నాయనా?" అన్నాను.

"నీకింకేం కావాల్నమ్మా? అంత సదువు నీకు ఇచ్చేసినాడు గదా మా అల్లుడు."

రాజారత్నం పంచె చేతిలో పట్టుకుని నేల చూస్తున్నాడు. తడ అన్న ఒక్క మాట నా నోట్లోంచి వచ్చి, మా నాయన దాన్ని నమ్మితే చాలు, ఆ పంచె తిరిగి సంచిలోకి పోయేది. మాట నాలుక చివరి దాకా వచ్చింది. జాలిపడి మింగానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. చెప్పినా నమ్మరని తెలిసి మింగాను.

మా నాయన బస్సెక్కి వెళ్ళాక ఆయన వంటింట్లోకి వచ్చాడు.

"చెప్పెయ్యి పంకజా," అన్నాడు. "నాకు గూడా మొయ్యలేకుండా ఉండాది. నేనేమీ అనుకోను."

"చెప్తే ఏమంటారో తెలుసా? దేవుడి మాదిరి మొగుడి మింద కుళ్ళుతో చాడీలు చెప్తాంది అంటారు."

"కుళ్ళు లేదా మరి?"

"ఉండాది. యెందుకుండదు?"

ఆయన నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. బియ్యం ఏరుతున్న చేట పక్కకు పెట్టాను. ఆయన ఇంకా ఆ పంచె చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. మడత విప్పకుండా నా వైపు చాపాడు.

"ఇది నీకు రావాల్సింది. నువ్వే తీసుకో."

తీసుకోలేదు. ఆయన ఇచ్చాడని ఊరంతా చెప్పుకునేది నా దగ్గర అప్పటికే ఒకటుంది. రెండోది వద్దనుకున్నాను.